మారెక్క అలికిన గోడ

మూడో ఎర్రదీపం వెలిగినప్పుడు పెన్నమ్మ చేతిలో టమాటా పూవు ఇంకా ఊగుతూనే ఉంది. ఆమె చప్పున ఝుంకార కర్రను పైట కిందికి లాక్కుంది. పూవు మాత్రం కాడ దగ్గర చిట్లి, తొడిమెతో సహా కింద పడింది.

సాలుకు అటూ ఇటూ ఊరి ఆడవాళ్లు వంగి పని చేస్తున్నారు. తెల్లవారుజామున సైరను తొలికూత కూసింది మొదలు ఎండ ముదిరి మలికూత కూసే దాకా ఎర్రవంక పొలాల్లో ఆ రొద ఆగదు. అన్ని కర్రలూ ఒక్కసారిగా జుమ్మంటుంటే దూరం నుంచి వినేవాళ్లకు ఏదో పెద్ద తేనెపట్టు కదిలినట్టుంటుంది.

"ఏమ్మే పెన్నమ్మా, కర్రను కొంగు కింద దాపెట్టుకుంటివి? దానికి జలుబు చేస్తాదనా?" పక్కసాలులోంచి లింగక్క నవ్వింది.

"మీట ఇరుక్కున్యాది లింగక్కా. తుడుస్తాండా."

"తుడువు, తుడువు. మా ఇంటాయన్ని గూడా నేనింత బాగా చూసుకోలా."

నాలుగు సాలుల దాకా నవ్వులు పాకాయి. పెన్నమ్మ కూడా నవ్వింది. పైట కింద ఎర్రదీపం ఆరిపోయేదాకా కర్రను అలాగే పట్టుకుంది.

ఝుంకార కర్ర మూరెడు పొడవుంటుంది. కొసన మినపగింజంత మొన. టమాటా, వంగ తమ పుప్పొడిని అడగ్గానే ఇచ్చే పూలు కావు. గొట్టంలో దాచుకుంటాయి. పట్టుకుని వణికిస్తేనే వదులుతాయి. ఒకప్పుడు ఆ పని తేనెటీగల జాతి ఈగలు చేసేవి. ఇప్పుడు కర్ర చేస్తుంది. మొదట్లో ఎగిరే యంత్రాలు తెచ్చారు. అవి పూలను చించాయి. ఆడవాళ్ల చేతులే మేలని, చవక కూడానని తేలింది. ఇంటికొక చెయ్యి పంపాలన్నది నియమం. గట్టిగా నొక్కితే పూవు చిట్లుతుంది, చిట్లిన పూలను కర్రే లెక్కపెట్టుకుంటుంది, హద్దు దాటితే ఎర్రదీపం వెలుగుతుంది. ఒక పంటకాలంలో మూడు దీపాలు వెలిగితే చేతిమార్పు. ఆ ఇంట్లో తర్వాతి ఆడమనిషి కర్ర పట్టాలి.

పెన్నమ్మకు ముందు కర్ర పట్టింది అత్త మారెక్క. ఇంట్లో తర్వాతి ఆడమనిషి ఇప్పుడు పెన్నమ్మ ఆడబిడ్డ సిద్ధమ్మ. పద్దెనిమిది నిండాయో లేదో, పక్క ఊరి పట్టుమగ్గాల దగ్గర తెగిన పోగులు ముడివేసే పనిలో కుదిరింది. కంటికి ఆనని పోగును కూడా ఆ పిల్ల వేలికొసతో పట్టుకుంటుంది. మగ్గం యజమాని అందుకే ఆమెను పిలిచి మరీ పని ఇచ్చాడు.

పెన్నమ్మ మళ్లీ మీట నొక్కింది. కర్ర వణకడం కంటికి కనిపిస్తోంది. వేళ్లకు మాత్రం తెలియడం లేదు.

పోయిన వానల్లో చిటికెన వేలితో మొదలైంది. తిమ్మిరి అన్న మాట సాలుల్లో అందరూ నవ్వుతూనే అంటుంటారు. తిమ్మిరి వేరు, ఇది వేరు. సంగటి ముద్ద కాలుతోందో లేదో ఆమె ఇప్పుడు మణికట్టుతో చూసుకుంటోంది. బొటనవేలి మీద లేచిన బొబ్బను ఇంట్లో ఎవరికీ చూపలేదు. చూపితే కర్ర సిద్ధమ్మ చేతికి వెళుతుంది. చూపకపోయినా ఇప్పుడు అదే జరగబోతోంది. సాయంత్రానికి కర్ర తనంతట తానే ఊరి పొలాలను నడిపే నేలసంఘానికి కబురు పంపుతుంది.

ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. అది మేకల దొడ్డి గోడలో ఉంది.

నడివిరామానికి కూత కూయగానే ఆమె అందరికంటే ముందు గట్టెక్కింది. పాదాల కింద నేల మెత్తని తోలులా ఉంది. పొలాలూ బాటలూ వాకిళ్లూ మట్టిగోడలూ అన్నిటి మీదా నేలపూత. గంజిలా చల్లితే నిమిషాల్లో పొరగా పేరుకుంటుంది. వాన నీటిని లోపలికి పోనిస్తుంది, ఆవిరిని బయటికి రానివ్వదు. కలుపు లేవదు, దుమ్ము రేగదు. పూత రాకముందు ఈ సీమలో బోర్లు ఎండి ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని పోయిన సంగతి పెన్నమ్మ చిన్నప్పుడు వింది. పూత వచ్చాక వంకల్లో మళ్లీ నీళ్లు నిలిచాయి. అందుకే పూతను ఎవరూ తిట్టరు. ఆమె కూడా తిట్టదు.

గట్టు చివర పుల్లగూళ్లు వేలాడుతున్నాయి. బోలు రెల్లుపుల్లలను కట్టలుగా కట్టి నేలసంఘమే పెట్టింది. ఆకు కత్తిరించుకుని పుల్లల్లో గూడు కట్టే ఈగలు వాటిలో విరివిగా పెరిగాయి. కందిచేలు వాటి వల్లే విరగకాస్తున్నాయి. ఏటా ఈగల లెక్క తీసినప్పుడు మొత్తం పెరిగినట్టే వచ్చేది. అందుకే నేలను తొలిచి గూడు కట్టే ఈగలు ఒక్కొక్కటే లేకుండా పోతున్నా ఎవరి కంటా పడలేదు. పూత కప్పిన నేలను వాటి కాళ్లు తవ్వలేవు. పుట్టలు చదును చేశాక పుట్టతేనె పోయింది. ఎండుమాను తొలిచే నల్ల తుమ్మెదలు, గట్ల మీద ఎండుమానులే లేకపోయేసరికి అరుదైపోయాయి. పూవును పట్టుకుని వణికించే విద్య ఈ తొలిచే జాతులదే. పుల్లల్లో ఉండే ఈగలు టమాటా పూవు మీద వాలి, ఊరికే చూసి వెళ్లిపోయేవి.

పోయిన వానల్లో ఒక ఉదయం మేకలను విప్పడానికి వెళ్లినప్పుడు దొడ్డిగోడలో పెన్సిలు దూరేంత కంతలు కనిపించాయి. అది పాత మట్టిగోడ. సందులో మరీ లోపలికి ఉండటంతో పూతబండి గొట్టం అక్కడిదాకా వెళ్లలేదు. ఒక కంతలోంచి చిన్న తల తొంగిచూసింది. కడుపు మీద నెమలి ఈకలాంటి నీలిచారలు. ఆ ఈగ వెళ్లి డబ్బాలో వేసిన వంగమొక్క పూవును కావలించుకుని జుమ్మంది. కర్ర తగలకుండానే ఆ మొక్కకు కాయలు పడ్డాయి. పెన్నమ్మ ఆ కాలమంతా చూసింది. అవి మట్టితో కుండల్లాంటి చిన్న అరలు కట్టడం, గుడ్లు పెట్టి మూతులు మూయడం, చలికి ఒక్కటీ మిగలకపోవడం. గోడ లోపల పిల్లలు మాత్రం నిద్రపోతున్నాయి. ఈ ఏడు తొలివానలు పడి నాలుగు రోజులైంది. నిన్న సాయంత్రం ఎండుగడ్డి పరక కొసను నోటితో కరచుకుని వేలాడుతూ ఒక మగ ఈగ నిద్రపోతుండగా చూసింది. అంటే మిగిలినవి ఇవాళో రేపో గోడ తొలుచుకుని బయటికి రావాలి.

కర్నూలు కీటక కేంద్రానికి ఆమె చావడిలోని ఊరిపలక తెర మీంచి కబురు పంపింది. నూర్జహాన్ అనే ఆమె జవాబిచ్చింది. నేల తొలిచే ఈగ బతికున్న చోట పూత తీసి, పొలం పొడవునా విడినేల వదలాలని నియమం ఉంది. అయితే సజీవమైన ఈగ గూటిలోంచి వెలుపలికి రావడం అధికారి కళ్లారా చూడాలి. తాను వచ్చి చూసే రోజు దాకా గోడకు పూత వేయకుండా ఆపగలనని, తర్వాత ఆపలేనని రాసింది. ఆ గడువు ఇవాళ్టితో సరి.

విడినేల వస్తే ఈగలు వస్తాయి, ఈగలు వస్తే కర్రలు పోతాయి. పెన్నమ్మ లెక్క అంతవరకే వెళ్లింది.

దొడ్డి మలుపు తిరగగానే పచ్చి ఎర్రమట్టి వాసన కొట్టింది. ఆమె కాళ్లు ఆగిపోయాయి.

గోడ పైనుంచి కింది దాకా నున్నగా, తడిగా మెరిసిపోతోంది. ఒక్క కంతా లేదు. అంచుల వెంట సున్నంతో తెల్లని పట్టీలు. మారెక్క మోకాళ్ల మీద కూర్చుని గోడ మొదట్లో ముగ్గు గీస్తోంది.

"ఎట్లుందే?" తల తిప్పకుండానే అడిగింది అత్త. "మా కాలంలో గోడ అంటే ఇట్ల ఉండల్ల."

"అత్తా... ఏం చేసినావు?"

"ఏం చేసినానా? నువ్వే కదే చెప్పింది, కర్నూలు నుంచి మేడమ్మ వస్తాంది, మన దొడ్డిగోడ చూడనీకి అని. గోడంతా బొక్కలు బొక్కలు. పరువు పోదా? మంచం కింద కుండలో ఎర్రమట్టి దాపెట్టింటి, పూతకు ముందుది. అంతా తీసి మెత్తినా."

"అవి బొక్కలు కాదత్తా. ఈగల గూళ్లు."

మారెక్క చేతిలో ముగ్గుగుడ్డ ఆగింది.

ఈగలని చెప్పి ఉంటే సాయంత్రానికల్లా వీధంతా పొక్కేది. కుడతాయని ఎవరో ఒకరు పొగ పెట్టేవాళ్లు. అందుకే పెన్నమ్మ గోడ చూడటానికి వస్తున్నారని మాత్రమే చెప్పింది. నోటితో చెప్పని ఆ ఒక్క మాట ఇప్పుడు గోడంతా పరుచుకుని ఉంది.

"మట్టిలో ఏం కలిపినావు?"

"పేడ. ఇంత పూతపొడి. అది లేకుంటే నిలుస్తాదా? ఎండ తగిలితే రాయి మాదిరి బిగుస్తాది."

పెన్నమ్మ పైకి చూసింది. ఎదురింటి రేకుల నీడ గోడ మీద ఉంది. పొద్దు ఎక్కేకొద్దీ నీడ కిందికి దిగుతోంది. పైన జానెడు మేర అప్పుడే ఎండ పడింది. అక్కడ మట్టి రంగు మారింది. ఆమె గోరుతో కొట్టింది. టక్కుమంది.

"సిద్ధీ!" అని అరిచింది. "కంబళ్లు తడిపి తీసుకురా! ఉన్నవన్నీ!"

సిద్ధమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అప్పుడే మగ్గానికి బయలుదేరబోతున్నట్టుంది, జడలో పూలు ఉన్నాయి. వదిన ముఖం చూసి తొట్టిలోకి కంబళ్లు తోసింది.

"ఈగల కోసం ఇంత గోల ఏందే?" మారెక్క లేచి నిలబడింది. గొంతులో కోపం ఉంది, కోపం కింద భయం ఉంది.

"మూడో దీపం వెలిగిందత్తా. పొద్దున. ఈ ఈగలొస్తేనే కర్రలు పోతాయి."

ఆ మాటతో మారెక్క కోపమంతా దిగిపోయింది. ఆమె సిద్ధమ్మ వైపు చూసింది. తర్వాత తన మట్టి చేతుల వైపు చూసుకుంది. మరుక్షణం కంబళి అంచు అందుకుని గోడ మీదికి విసిరింది.

అత్తాకోడళ్లిద్దరూ కంబళ్ల కింద దూరి గోకడం మొదలుపెట్టారు. కొత్తమట్టి వేలెడు మందం ఉంది. దాని వెనక పాతగోడ, ఆ గోడలో గూళ్లు. కొత్తది తీయాలి, పాతది కదలకూడదు. కంతలు ఎక్కడెక్కడ ఉండేవో పెన్నమ్మకు గుర్తే. కానీ గుర్తులన్నీ అలుకు కింద ఒకే రంగైపోయాయి. ఆమె వేళ్లతో పెకలించింది. ఒక పెళ్ల ఊడింది. దానితో పాటు పాతగోడ ముక్క కూడా ఊడి వచ్చింది. అందులో చిన్న మట్టికుండలాంటి అర పగిలి ఉంది. తెల్లగా, రెక్కలు పూర్తిగా విచ్చుకోని ఒక పిల్ల ఈగ అందులోంచి జారి ఆమె అరచేతిలో పడింది. కాళ్లు కొద్దిగా కదిలాయి. తర్వాత కదల్లేదు.

"వదినా, రక్తం!" సిద్ధమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

చూపుడువేలి గోరు సగం లేచిపోయింది. పెన్నమ్మ చూసేదాకా ఆమెకే తెలియలేదు. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. మారెక్క తీసుకోనివ్వలేదు. కోడలి నడివేలి కొసను తన గోరుతో గట్టిగా నొక్కి, వేలి వైపు కాకుండా ముఖం వైపు చూసింది. పెన్నమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానల్నుంచి."

"నాకు ఏడేండ్లు," అంది మారెక్క.

"చెప్పలేదే అత్తా?"

"నువ్వు చెప్పినావా?"

తర్వాత మారెక్క గోడకేసి తిరిగి, గొంతు తగ్గించి అంది. "వెనకటికి అలికేటప్పుడు ఈనె దూరేంత సందున్నా నా వేలికి తెలిసేది. ఈ పొద్దు అన్ని కంతలు పూడ్చినా, ఒక్కటి గూడా తెలియలా. వయసనుకుంటి."

వాళ్ల చేతులు ఈ పనికి పనికిరావు. ఇంట్లో కర్ర పట్టని చేతులు రెండే ఉన్నాయి.

"సిద్ధీ, ఇట్ల రా. కండ్లు మూసుకో. మగ్గం మీద తెగిన పోగు ఎట్ల తెలుస్తాదో అట్ల తడుము. వెనక బోలు ఉన్నచోట మట్టి రవ్వంత లోపలికి పోతాది."

సిద్ధమ్మ జడలో పూలు తీసి పక్కన పడేసింది. తడిమట్టి మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా వేలికొసలు కదిపింది. ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకు జరిపింది. పైన నీడ మరో జానెడు దిగింది. కంబళ్లు రెండే దొరికాయి. గోడలో సగం బయటే ఉంది.

సందు మొదట్లో పూతబండి వచ్చి ఆగింది. నడిపే తిమ్మప్ప తల బయటపెట్టాడు. "ఓ పెద్దమ్మా! మధ్యాన్నం లోపల గోడ పూర్తి చేయమని ఆర్డరు. యాందీ, నా పని నువ్వే చేసేసినావే! పూతపొడి వాసన ఇక్కడికే కొడ్తాంది. అయిపోయిందని రాసుకోనా?"

"రాస్తే నీ చెయ్యి ఇరగ్గొడతా," అంది మారెక్క. "ఆ పట్ట ఇట్ల పడేయ్."

"ఏ పట్ట?"

"బండి మీద కప్పిన పట్టరా. ఎండ దిగతాంది, కనపడలేదా?"

తిమ్మప్ప ముగ్గురి ముఖాలూ చూసి బండి దిగాడు. పట్ట విప్పి ఎదురింటి రేకుకూ దొడ్డి గుంజకూ కట్టాడు. "మన్ను అంటితే మీరే ఉతకల్ల," అని గొణిగాడు. బండి ఇంజను మాత్రం ఆపలేదు. గొట్టం గోడకేసి చాచే ఉంది.

"ఇక్కడ," అంది సిద్ధమ్మ.

కళ్లు మూసుకునే ఉంది. చూపుడువేలు ఒకచోట నిలిచింది. పెన్నమ్మ చీపురుపుల్ల అందించింది. సిద్ధమ్మ ఆ చోట గుండ్రంగా గీసి, కాస్త కాస్తగా మట్టి తీసింది. చిల్లర బిళ్లంత ముక్క ఊడి వచ్చింది. వెనక నల్లని కంత.

తర్వాత ఇంకొకటి. తర్వాత పక్కపక్కనే మూడు. కొన్నిచోట్ల పుల్ల జారి గూడు పగిలింది. సిద్ధమ్మ పెదవి కరుచుకుని ఏడుస్తూనే తడిమింది. పైభాగం ఎప్పుడో బిగుసుకుపోయింది. అక్కడ ఇక ఏమీ చేయలేరు. పెన్నమ్మ ఆ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

నూర్జహాన్ జీపు వచ్చేసరికి గోడ సగం నున్నగా, సగం గాయాలుగా ఉంది. వచ్చినామె ముప్పయ్యేళ్లలోపే ఉంటుంది. భుజానికి గుడ్డసంచి. ఎవరూ చెప్పకముందే జరిగిందేమిటో అర్థమైనట్టుంది. ముగ్గు మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వచ్చింది.

"తప్పు నాది మేడం," అంది పెన్నమ్మ. "ఇంట్లో చెప్పలేదు."

"చేసింది నేను," అంది మారెక్క.

"ముందు విందాం," అని నూర్జహాన్ సంచిలోంచి గోడచెవి తీసింది. చిన్న పళ్లెంలాంటి పరికరం. గోడకు అంటిస్తే లోపలి అలికిడిని పెద్దది చేసి వినిపిస్తుంది. పైభాగంలో అంటించింది. నిశ్శబ్దం. మధ్యలో అంటించింది. నిశ్శబ్దమే. సిద్ధమ్మ తెరిచిన కంతల దగ్గరికి తెచ్చింది.

గరుకుగా ఏదో గీస్తున్న చప్పుడు. ఆగింది. మళ్లీ గీసింది.

"తవ్వుతోంది," అని నూర్జహాన్ గుసగుసలాడింది. "కానీ నేను వినడం చాలదు. బయటికి రావాలి. తిమ్మప్ప గారూ, ఇంజను ఆపండి. ఆ అదురు గోడకు తగులుతోంది."

ఇంజను ఆగింది. అయిదుగురూ కంతల వైపు చూస్తూ నిలబడ్డారు. గోడచెవిలో ఆ చప్పుడు ఒక్కోసారి చాలాసేపు ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ మారెక్క కొంగు నోట్లో కుక్కుకునేది. తడిమట్టి కంత లోపలికి కూడా కొంత జారి ఉంటుంది. దాన్ని అది తొలుచుకోగలదో లేదో ఎవరికీ తెలియదు. చప్పుడు మళ్లీ ఆగింది. ఈసారి ఎంతకీ మొదలుకాలేదు.

"అయిపోయిందేమో," అన్నాడు తిమ్మప్ప మెల్లగా.

కంత అంచున ఒక మట్టిబెడ్డ కదిలి కింద పడింది. రెండు మీసాలు కనిపించాయి. తర్వాత ముఖం, తర్వాత ఎర్రమట్టి అంటిన వీపు. చివరికి నీలిచారలు. ఈగ గోడ మీద నిలబడి ముందుకాళ్లతో ముఖం తుడుచుకుంది.

సిద్ధమ్మ అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చేసింది. వెనకే మరొకటి తల పెట్టింది.

"చూశాను," అంది నూర్జహాన్. ఆమె కళ్లు కూడా చెమ్మగిల్లాయి. "నా కళ్లతో చూశాను. ఈ ఊరికి విడినేల వస్తుంది."

తిమ్మప్ప గొట్టం మడిచాడు. మారెక్క గోడకు దండం పెట్టింది. పెన్నమ్మ ఒక్కటే అడిగింది. "అయితే రేపట్నుంచి కర్రలు ఉండవు కదా మేడం?"

నూర్జహాన్ తల అడ్డంగా ఊపింది. "విడినేల రేపే వదలొచ్చు. కానీ ఈ కాసిని ఈగలు పొలమంతా నిండాలంటే కనీసం మూడు వానాకాలాలు పట్టొచ్చు. అంతవరకు పంట నిలబడాలి కదా. కర్రలు ఆపమని రాసే అధికారం నాకు లేదు. రాయాలంటే పంట కంటే పెద్ద కారణం ఏదైనా చూపాలి."

"అంతవరకు చేతిమార్పు?"

"ఉంటుంది."

మూడు వానాకాలాలు. పెన్నమ్మ వేళ్లకు ఒక్క ఏడు చాలింది. ఆమె సిద్ధమ్మ చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా మట్టి, ఇంకా కళ్లు తుడుచుకుంటోంది. మారెక్క దండం పెట్టిన చేతులు దించలేదు.

మలికూత కూసింది. పొలాల నుంచి ఆడవాళ్లు ఇళ్లకు మళ్లుతూ, సందులో జీపునూ బండినీ చూసి ఇటే వచ్చారు. ముందు లింగక్క. "ఏందే మారెక్కా, సున్నం పట్టీలూ ముగ్గులూ... గోడకు పెండ్లి చేస్తాండావా?" అంటూ దూరి, ఈగను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఓయమ్మా! కుడ్తాది!"

"కుట్టదండీ," అంది నూర్జహాన్. ఇందాకటి మాట బరువు దించుకోవడానికి ఏదో ఒకటి దొరికినట్టు నవ్వింది. ఈగను రెండు వేళ్ల మధ్య సున్నితంగా ఎత్తింది. "ఇది మగది. మగవాటికి ముల్లు ఉండదు."

"మగోళ్లకు ముల్లు లేదా? మా ఇంటికొచ్చి చూడు మేడమ్మా."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ముట్టుకుంటామని ఒకరు, వద్దని ఒకరు, తోపులాట మొదలైంది.

"చూస్తే భయం వేస్తుంది. కళ్లు మూసుకుని చేతులు చాపండి," అంది నూర్జహాన్. "ఒక్కొక్కరి వేళ్ల మీద వదులుతాను. కాళ్ల గిలి తెలియగానే కళ్లు తెరవండి. గిలి తెలిసినవాళ్లే చూడాలి, సరేనా?"

చిన్నపిల్లల్లా వరుసగా నిలబడ్డారు. లింగక్క కళ్లు బిగించి చెయ్యి చాపింది. నూర్జహాన్ ఈగను ఆమె చూపుడువేలి మీద వదిలింది. అది రెక్కలు విదిలించుకుని వేలి కొస దాకా నడిచింది. అక్కడి నుంచి నడివేలికి దాటింది. ఉంగరపు వేలి మీద ఆగి ముఖం తుడుచుకుంది.

లింగక్క కళ్లు మూసుకునే నవ్వుతోంది. "ఎంతసేపు మేడమ్మా? నీకే భయమా ఏంది?"

పక్కన ఒకరిద్దరు కిసుక్కుమన్నారు, లింగక్క వేళాకోళం ఆడుతోందనుకుని. పెన్నమ్మ నవ్వలేదు. మారెక్క నవ్వలేదు. నూర్జహాన్ ముఖంలో నవ్వు మెల్లగా చెదిరిపోయింది. ఆమె పెన్నమ్మ వేలి మీద లేచిపోయిన గోరు వైపు చూసింది. తర్వాత ఈగను ఎత్తి పక్కామె వేలి మీద పెట్టింది. ఆమె కళ్లు తెరవలేదు. ఆ పక్కామె మీద పెట్టింది. తెరవలేదు. సందులో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

వరుస చివర చంద్రకళ ఉంది. ఈ ఎండాకాలమే కాపురానికి వచ్చిన పిల్ల, కర్ర పట్టి రెండు నెలలు కూడా కాలేదు. చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. ఈగ ఆమె నాలుగు వేళ్ల కొసల మీదుగా అటునుంచి ఇటు నడిచింది. మళ్లీ ఇటునుంచి అటు నడిచింది.

"మేడం," అంది చంద్రకళ, కళ్లు గట్టిగా మూసుకుని, భయంతో నవ్వుతూ, "నా వంతు ఇంకా రాలేదా?"